అష్పెనజు బడి: "జనజీవన స్రవంతి" అనే మాటపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతం

నరసింహస్వామి క్షేత్రం ఉన్నచోట చెంచులక్ష్మి కథ వినబడకుండా ఉండదు. యాదగిరిగుట్టలో పరిచర్య చేస్తున్న మాకు ఆ కథ చిన్నా పెద్దా అందరి నోటా వినబడుతూనే ఉంటుంది. దేవుడు వేటగాని వేషంలో అడవికి వెళ్లి చెంచుపిల్లను వలచి పెండ్లాడాడన్నది దాని సారాంశం. అహోబిలం ప్రాంతపు చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పారువేట ఉత్సవం మొదలై, ఉత్సవమూర్తి పల్లకిలో చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. ఈ కథ 1943లో ఒకసారి, 1958లో మరొకసారి సినిమాగా కూడా వచ్చింది. కథలో చెంచులు గౌరవనీయులు. అక్కడ దేవుడే వారి గడపకు వస్తాడు.

కథ బయట ఉన్న చెంచుల సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 64 వేల పైచిలుకు. కృష్ణానదికి ఇరువైపులా నల్లమలలో వారి పెంటలు, గూడేలు ఉన్నాయి. తెలంగాణ వైపున పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిలోనూ, పాత నల్లగొండ జిల్లాలోని దేవరకొండ ప్రాంతంలోనూ వారు నివసిస్తున్నారు. వీరిని గురించి ప్రభుత్వ ప్రకటన చదివినా, పత్రికా వార్త చదివినా, మిషను నివేదిక చదివినా, విరాళాల కోసం అచ్చువేసిన కరపత్రం చదివినా ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: చెంచులను జనజీవన స్రవంతిలోకి తీసుకురావాలి.

ఈ మాటను ప్రభుత్వం వాడటంలో ఆశ్చర్యం లేదు. సంఘం దీన్ని పరీక్షించకుండా ఎత్తుకొని, ప్రార్థనల్లోకీ ప్రసంగాల్లోకీ తెచ్చుకోవడమే మా ఆందోళన. ఈ మాట వెనుక ఉన్న భావం సువార్తది కాదనీ, బబులోను రాజాస్థానానిదనీ ఈ వ్యాసంలో చూపాలనుకుంటున్నాం.

1. మాట వెనుక ఉన్న లెక్క

స్రవంతి అంటే నది. జనజీవన స్రవంతి అన్నప్పుడు మూడు విషయాలు చెప్పకుండానే ఒప్పుకుంటున్నాం. జీవనానికి ఒకటే నది ఉంది. ఆ నదిలో మనం ఉన్నాం. చెంచు ఒడ్డున ఉన్నాడు. కాబట్టి కదలవలసినవాడు చెంచు, చేయి అందించవలసినవారం మనం.

చరిత్ర ఈ లెక్కను సమర్థించదు. చెంచులు ఎన్నడూ మైదానానికి సంబంధం లేకుండా బ్రతకలేదు. వారు కొండచరియల్లో తాళ్లకు వేలాడి తీసిన తేనె, సేకరించిన జిగురు, కుంకుడుకాయలు మైదాన వర్తకుల సంచుల్లోకే వెళ్లాయి. శ్రీశైలం వెళ్లే యాత్రికులకు అడవిలో దారి చూపి కాపలా కాసింది వారే. అంటే మనం చెప్పుకునే ఆ నది చాలాకాలంగా వారి నుండి తీసుకుంటూనే ఉంది. తీసుకున్నప్పుడు వారు బయటివారని మనకు తోచలేదు.

ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేశాడు. ఆయన గ్రంథం 1943లో వెలువడింది. ఆయన సూచన మీద నిజాం ప్రభుత్వం ఆ అడవిలో కొంత భాగాన్ని చెంచుల కోసం ప్రత్యేకించింది. స్వాతంత్ర్యం తరువాత విధానం మారింది. 1970వ దశకం మధ్యలో చెంచులను 'ఆదిమ గిరిజన సమూహాల' జాబితాలో చేర్చారు. 1976లో శ్రీశైలం కేంద్రంగా వారికోసం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. కాలనీలు కట్టారు, సాగుభూమి ఇవ్వజూపారు, ఆశ్రమ పాఠశాలలు తెరిచారు. మరోవైపు 1978లో అదే అడవి వన్యప్రాణి అభయారణ్యమైంది. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. అప్పటినుండి లోపలి పెంటలవారిని బయటికి తరలించే ఆలోచన మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకం దేశంలోని 75 ఇలాంటి సమూహాలకు ఇళ్లు, రోడ్లు, నీళ్లు, వైద్యం అందించేందుకు సుమారు 24 వేల కోట్ల రూపాయలు కేటాయించింది.

ఇందులో ఒక్కొక్క అంశాన్ని విడిగా చూస్తే తప్పు పట్టవలసింది కొద్దే. ఇల్లు మంచిదే, బడి మంచిదే, మందు మంచిదే. అన్నింటినీ కలిపి చూసినప్పుడు ఒక విషయం తేటపడుతుంది. పులికి అడవి కావలసి వస్తే చెంచు కదలాలి. బడికి పిల్లలు కావలసి వస్తే చెంచు పిల్లలు కదలాలి. లెక్కలో ఎన్ని ఇళ్లు కట్టామో, ఎంతమందిని బడిలో చేర్చామో ఉంటుంది. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ గడ్డ ఎక్కడ ఊరుతుందో, ఏ మూలిక దేనికి పనికివస్తుందో తెలిసిన పిల్లలు ఎందరు మిగిలారన్న లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

2. మన ఇంటి చరిత్ర

ఇదంతా ప్రభుత్వం పని, మనకేమిటి అనవచ్చు. అందుకే చెంచులను కాసేపు పక్కనబెట్టి, మరొక జాతి విషయంలో సంఘం స్వయంగా చేసిన పనిని గుర్తు చేసుకోవాలి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని జాతులను నేరస్థులుగా ముద్రవేసిన చట్టమది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకలవారిపై ఆ ముద్ర పడింది. వారిని ఒకచోట కట్టడి చేసి 'సంస్కరించే' బాధ్యతను ప్రభుత్వం క్రైస్తవ మిషన్లకు అప్పగించింది. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటును 1913-14 కాలంలో సాల్వేషన్ ఆర్మీ చేపట్టింది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను అలాంటి సెటిల్‌మెంటునే నడిపింది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మన సంఘాలలో అనేకం ఆ బాప్టిస్టు మిషను వేసిన పునాది మీద నిలిచినవే. కనుక ఇది పరాయివారి చరిత్ర కాదు.

అక్కడ హాజరు పిలిచేవారు. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం చట్టమే ఇచ్చింది. స్టువార్టుపురం నివాసులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పనికివచ్చారు. ఆ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా పరిశీలించారు. మిషనరీలలో దయగలవారు ఉన్నారు, బడులు పెట్టారు, రోగులను చూశారు. దాన్ని మేము కాదనడం లేదు. అయితే కాపరి చేతిలో ఒకవైపు బైబిలు, మరొకవైపు పోలీసు హాజరు పుస్తకం ఉన్నప్పుడు, వినేవాడికి సువార్త ఎలా వినబడి ఉంటుంది? చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. 'స్టువార్టుపురం' అన్న పేరు మీద పడిన మచ్చ మాత్రం ఆ ఊరివారిని ఇంకా వెంటాడుతూనే ఉంది. సంస్కరణ కోసం కట్టిన ఊరే ముద్రగా మిగిలింది.

3. ఉత్తర ధ్రువ ప్రాంతం నుండి ఒక సాక్ష్యం

ఇలాంటి పనిలో పాలుపంచుకొని, తరువాత దాన్ని బహిరంగంగా ఒప్పుకొన్న సంఘాలు ప్రపంచంలో ఉన్నాయి. వాటి అనుభవం మనకు పాఠం కాగలదు.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల ఉత్తర కొసన సామీలనే ఆదిమజాతి ఉంది. దుప్పుల మందలు, చేపలవేట వారి జీవనాధారాలు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యనుండి నార్వే ప్రభుత్వం వారిని నార్వేజియన్లుగా మార్చే విధానాన్ని పట్టుకుంది. బడిలో సామీ భాషను క్రమంగా తొలగించింది. పిల్లలను దూరపు వసతి పాఠశాలల్లో పెట్టింది. 1902 నాటి భూమి చట్టం కింద, ఫిన్‌మార్క్ జిల్లాలో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వే భాష వచ్చి ఉండాలి. బడుల మీద పెత్తనంలో గురువులకు పెద్ద పాత్ర ఉండేది. అదే సంఘంలో నీల్స్ విబే స్టాక్‌ఫ్లెత్ అనే పాదిరి కూడా ఉన్నాడు. ఆయన సామీ భాష నేర్చుకొని, క్రొత్త నిబంధనను ఆ భాషలోకి తెచ్చాడు; అది 1840లో అచ్చయింది. ఒకే సంఘం ఒక చేత్తో భాషకు లేఖనమిచ్చింది, మరొక చేత్తో ఆ భాషను బడినుండి తరిమింది.

1997లో నార్వే రాజు ఐదవ హరాల్డ్ సామీ పార్లమెంటులో క్షమాపణ తెలిపాడు. 2021 నవంబరులో స్వీడన్ సంఘం ఉప్సాలా కేథడ్రల్‌లో సామీలను క్షమాపణ కోరింది. నార్వేలో సత్యశోధన కమిషన్ 2023 జూన్‌లో నివేదిక ఇచ్చింది. 2024 నవంబరు 12న అక్కడి పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఒకప్పుడు ఆ దేశాలు తాము చేస్తున్నది మేలనే నమ్మాయి. పాదిరులూ అలాగే నమ్మారు. మనమూ ఈనాడు అలాగే నమ్ముతున్నాం.

4. దానియేలు గ్రంథాన్ని ఎటువైపు నుండి చదువుతున్నాం?

కొన్నేళ్ల క్రితం మేము ఒక క్రైస్తవ వసతి గృహంలో గిరిజన విద్యార్థులకు దానియేలు మొదటి అధ్యాయం బోధించాం. అలాంటిచోట అందరమూ ఎంచుకునే భాగమే అది. పరదేశంలో చదువుకున్నారు, పరీక్షలో పదిరెట్లు మిన్నగా తేలారు, మీరూ అలాగే చదవండి అని చెప్పాం. ప్రసంగం ముగిశాక ఒక చెంచు అబ్బాయి దగ్గరికి వచ్చి అడిగాడు: "అయ్యగారూ, దానియేలు మళ్ల ఇంటికి పోయిండా?"

మా దగ్గర జవాబు లేదు. అధ్యాయం చివరి వచనం దానియేలు కోరెషు కాలం వరకు అక్కడే ఉన్నాడని చెబుతుంది. ఇంటికి వెళ్లాడని గ్రంథం ఎక్కడా చెప్పదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ అధ్యాయాన్ని ప్రసంగించిన మాకు ఆ ప్రశ్న అంతవరకు తోచలేదు. ఇల్లు విడిచివచ్చిన పిల్లవాడికి తోచింది.

ఆ ప్రశ్న చేతబట్టుకొని మళ్లీ చదివితే అధ్యాయం వేరుగా కనబడుతుంది. రాజు అష్పెనజుకు ఇచ్చిన ఆజ్ఞలో ఏమేమి ఉన్నాయో చూడండి (దానియేలు 1:3-7). ఓడిపోయిన జాతిలో నుండి చురుకైన పిల్లలను ఏరాలి. మూడు సంవత్సరాలు వసతిలో ఉంచాలి. కల్దీయుల విద్య, భాష నేర్పాలి. రాజు భోజనంలో నుండి వడ్డించాలి. చివరకు పేర్లు మార్చాలి. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అన్న నాలుగు పేర్లలోనూ ఇశ్రాయేలు దేవుని పేరుంది. వాటిని తీసివేసి బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని పెట్టారు. ఇది విద్యాదానం కాదు. ఒక జాతి పిల్లలను మరొక జాతి రాజాస్థానానికి పనికివచ్చేలా మలిచే పథకం. ఆ బడి పిల్లల కోసం కాదు, రాజు కోసం.

మనం వసతి గృహంలో నిలబడి ఈ భాగం ప్రసంగించేటప్పుడు, మనల్ని దానియేలు పక్కన ఊహించుకుంటాం. వాస్తవంలో పిల్లలను ఏరి తెచ్చింది మనం. భోజనం మనది, పాఠ్యక్రమం మనది. బాప్తిస్మమప్పుడు, ఒక్కోసారి బడి రిజిస్టరులో చేర్చేటప్పుడే, పేరు మార్చేదీ మనమే. ఆ గదిలో దానియేలు బల్లల మీద కూర్చొని ఉన్నాడు. ప్రసంగ వేదిక మీద ఉన్నవాడు అష్పెనజు.

అష్పెనజు చెడ్డవాడని వాక్యం చెప్పలేదు. అతడు దయగలవాడు, దానియేలును కటాక్షించినవాడు (1:9). అయినా అతని భయం రాజు గురించే (1:10). పిల్లలు చిక్కిపోతే తన తలకు వస్తుందన్నదే అతని చింత. విరాళాలిచ్చేవారికి పంపే నివేదికలో 'ముందు' అని చింపిరి జుట్టు ఫొటో, 'తరువాత' అని నూనె రాసి దువ్విన తల ఫొటో పక్కపక్కన అచ్చువేసేటప్పుడు మన చింత ఎవరి గురించి? దయ ఉండటం ఒకటి, న్యాయం ఉండటం మరొకటి. స్టువార్టుపురంలోనూ దయ ఉంది.

దానియేలు చదువును తిరస్కరించలేదన్నది నిజం. దేవుడే వారికి జ్ఞానమిచ్చాడు (1:17). అయితే అతడు భోజనం దగ్గర ఒక గీత గీశాడు. ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ ఆగాలో తానే తేల్చుకున్నాడు. వృద్ధుడయ్యాక కూడా యెరూషలేము తట్టు కిటికీలు తెరిచి ప్రార్థించాడు (6:10). మన వసతి గృహాల్లో నల్లమల తట్టు తెరిచిన కిటికీ ఉందా? పిల్లవాడు తన గీత తాను గీసుకుంటే ఒప్పుకుంటామా, లేక మొండివాడని రిజిస్టరులో రాస్తామా?

5. యెరూషలేము సభ తీర్పు

ఆదిమ సంఘం ఎదుర్కొన్న మొదటి పెద్ద వివాదం సరిగ్గా ఇదే. అన్యజనులు క్రీస్తును నమ్మితే, వారు ముందుగా యూదులు కావాలా? సున్నతి, ధర్మశాస్త్రం, భోజన నియమాలు అన్నీ తలకెత్తుకొని 'ప్రధాన స్రవంతి'లోకి రావాలా? రావాలని పట్టుబట్టినవారు భక్తిహీనులు కారు. వారి దగ్గర లేఖనాలున్నాయి, వందల ఏళ్ల సంప్రదాయముంది.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో సంఘం వారి వాదాన్ని కాదన్నది. తమ పితరులూ తామూ మోయలేని కాడిని శిష్యుల మెడమీద పెట్టవద్దని పేతురు వాదించాడు. దేవునివైపు తిరిగిన అన్యజనులను కష్టపెట్టరాదని యాకోబు తీర్పు చెప్పాడు. అదే పేతురు అంతియొకయలో వెనుకకు జంకినప్పుడు పౌలు అతన్ని ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11-14). ఈ తీర్పు లేకపోతే మనం ఈనాడు సంఘంలో ఉండేవాళ్లం కాము. తెలుగు నేలపై మాల, మాదిగ పేటల్లో పుట్టిన మన సంఘాలు ఆ తీర్పు ఫలాలు. ఊరి అంచున ఉండి, ఊరివారి షరతులు లేకుండా క్రీస్తును అందుకున్నవారి పిల్లలం మనం. మనకు దొరికిన స్వేచ్ఛను చెంచుకు నిరాకరించే హక్కు మనకెక్కడిది?

ప్రకటన 7:9లో యోహాను చూసిన సమూహంలో గోత్రాలు, భాషలు కరిగిపోలేదు. సింహాసనం ఎదుట కూడా అవి గుర్తుపట్టగలిగేలానే ఉన్నాయి. పరలోకంలో కూడా 'స్రవంతి' ఒకటి కాలేదు.

6. ఒక అభ్యంతరం

పెంటల్లో పిల్లలు పస్తులుంటే, జ్వరాలతో చనిపోతుంటే, మీరు సంస్కృతి గురించి మాట్లాడుతున్నారా? వారిని అడవిలోనే ఉంచాలంటారా? ఈ ప్రశ్న న్యాయమైనది. ఆకలిలో అందమేమీ లేదు.

స్వీడన్ చరిత్ర ఇక్కడ మనకు హెచ్చరిక. నార్వే సామీలను కరిగించాలని చూస్తే, స్వీడన్ దుప్పుల కాపరులైన సామీలను 'సామీలుగానే ఉంచాలని' చూసింది. 1913 తరువాత ఏర్పడిన సంచార పాఠశాలల్లో వారి పిల్లలకు గుడారాల్లోనే, కావాలనే తక్కువ చదువు చెప్పారు. మంచి ఇంటికి అలవాటుపడితే మందలు కాయరని వాదించారు. ఆ విధానానికి ముందు నడిచినవారిలో పాదిరులున్నారు. అదీ అన్యాయమే. కరిగించడమూ, గాజుపెట్టెలో పెట్టడమూ ఒకే తప్పుకు రెండు రూపాలు. రెండింటిలోనూ నిర్ణయించేవాడు బయటివాడే.

కాబట్టి అడవిలో ఉండాలా, మైదానానికి రావాలా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మనం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇలాంటి సమూహాలకు ఆవాస హక్కును గుర్తించింది, గ్రామసభకు అధికారమిచ్చింది. పులుల అభయారణ్యం నుండి తరలింపు స్వచ్ఛందంగానే జరగాలని వన్యప్రాణి చట్టం చెబుతోంది. 2019లో యురేనియం అన్వేషణను అమ్రాబాదు ప్రాంతం వ్యతిరేకించినప్పుడు, చెంచులు తమ మాట తాము చెప్పగలరని అందరూ చూశారు. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

ముగింపు

సంఘం చేయగలిగిన కొన్ని పనులను కాపరుల, విద్యార్థుల ముందు ఉంచుతున్నాం. బాప్తిస్మంలోనూ రిజిస్టరులోనూ చెంచు పిల్లల పేర్లు మార్చడం మానుకోవాలి. లింగయ్య లింగయ్యగానే క్రీస్తును వెంబడించగలడు. 'ముందు, తరువాత' ఫొటోలు ఆపాలి. వసతి గృహం తెరిచే ముందు, పెంటలోనే బడి నిలబెట్టే దారి ఉందేమోనని పెంట పెద్దలతో కూర్చొని అడగాలి. వసతి గృహం తప్పనిసరైతే సెలవులు అడవి కాలాలను బట్టి ఉండాలి. తరలింపు మాట వచ్చినప్పుడు అధికారుల తరపు మధ్యవర్తిగా కాక, గ్రామసభ పక్కన నిలబడాలి. దైవశాస్త్ర విద్యార్థులను కొన్ని నెలలు బోధించడానికి కాక నేర్చుకోవడానికి పెంటలకు పంపాలి. కావలి, స్టువార్టుపురాల చరిత్రను మన సంఘ చరిత్ర పాఠంలో చేర్చి, ఎరుకల సహోదరుల ఎదుట ఒప్పుకోవాలి.

వాక్యము శరీరధారియై మన మధ్య గుడారం వేసుకున్నదని యోహాను 1:14 బోధిస్తుంది. దేవుడు మనల్ని తన స్రవంతిలోకి రమ్మని ఒడ్డున నిలబడి పిలువలేదు. తానే కదిలి వచ్చాడు, మన భాష నేర్చాడు, మన పేరు పెట్టుకున్నాడు. నరసింహుడు చెంచుల గడపకు వెళ్లాడని చెప్పుకునే గుట్ట కింద ఉంటూ, మన ప్రభువు చేసిన ఆ పనిని మనమే మరచిపోవడం సిగ్గుచేటు.

ఆ అబ్బాయికి ఆనాడు మేము "పోలేదు నాయనా" అని మాత్రమే చెప్పగలిగాం. అతడు తల ఊపి వెళ్లిపోయాడు. ఇక మీదట ఆ అధ్యాయం ప్రసంగించే ప్రతి కాపరీ ముందుగా ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలని మా మనవి.